పేల్చడానికి కట్టిన ఓడ

లక్ష్మీ బాంబు మీద రేకు డబ్బా బోర్లిస్తే డబ్బా పగలదు. చెక్కుచెదరకుండా డాబా ఎత్తుకు ఎగిరి, ఠంగుమని వచ్చి కింద పడుతుంది. పదేళ్ల వయసులో ఒక దీపావళికి నేనూ మా అన్నయ్యా రెండు రోజులు కూర్చుని అట్టముక్కలతో, అగరొత్తుల గొట్టాలతో, సీసా మూతలతో ఒక అంతరిక్ష నౌక కట్టాం. మైదా ఉడికించిన జిగురుతో పొరమీద పొర అతికించాం. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం చుట్టాం. రాత్రి దాని కడుపులో బాంబు పెట్టి వత్తి వెలిగించాం. అడుగున ఒక చిల్లు పడింది, అంతే. నౌక పక్కకి ఒరిగి, కాస్త నల్లబడి, నౌకగానే మిగిలింది. అన్నయ్య ఏడ్చినంత పని చేశాడు. సరిగా కట్టలేకపోయామని ఇద్దరం అనుకున్నాం. మేం దాన్ని నిలబడేలా కట్టాం, పగిలేలా కట్టడం వేరే విద్య అని అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేరు.

సినిమాల కోసం బొమ్మ నౌకలు కట్టి పేల్చిన మనుషుల పనిని గురించి చదివిన ప్రతిసారీ ఆ వెండి కాగితం నౌక గుర్తొస్తుంది. ఈ నెల ఈ పేజీలో వాళ్ల గురించి రాయాలనిపించింది.

జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ కోసం 1975లో లాస్ ఏంజెలెస్ నగరంలోని వాన్ నైస్ ప్రాంతంలో ఒక గోదాములో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సంస్థ మొదలైంది. ట్రిక్ ఫొటోగ్రఫీకి జాన్ డైక్‌స్ట్రా పెద్ద. బొమ్మలు కట్టే షాపుకు గ్రాంట్ మెక్యూన్ పెద్ద. పిల్లలు ఆడుకోవడానికి అమ్మే ప్లాస్టిక్ కిట్లు, ట్యాంకులూ యుద్ధ విమానాలూ ఓడలూ, కొని తెచ్చి, వాటి చిన్న చిన్న భాగాలు విడదీసి నౌకల ఒంటి మీద అతికించేవారు. ట్యాంకు చక్రం నౌకలో ఒక కవాటం అవుతుంది. విమానం ఇంజిను ముక్క ఏదో గొట్టాల గుంపు అవుతుంది. చూసేవాడికి ఆ భాగం ఏం చేస్తుందో తెలియక్కర్లేదు. ఎవరికో దానితో పని ఉందన్న నమ్మకం కలిగితే చాలు.

ఆ షాపులో ఎక్స్-వింగ్ యుద్ధ నౌకలు రెండు రకాలుగా తయారయ్యేవి. దగ్గరి షాట్ల కోసం కట్టినవి హీరో మోడళ్లు. పేలడానికి కట్టినవి పైరో మోడళ్లు. అదే ఆకారాన్ని తేలికైన నురుగు పదార్థంతో పోత పోసి, రంగులు వేసి, మచ్చలు పెట్టి, హీరో పక్కన నిలబెడితే పోల్చుకోలేనట్టు తయారు చేసేవారు. మన సినిమా వాళ్ల మాటలో చెప్పాలంటే డూప్. డూప్‌కు మేకప్ తక్కువైతే కుదరదు, ఎందుకంటే ప్రేక్షకుడు ఆఖరుసారి చూసేది ఆ ముఖాన్నే.

పగిలేలా కట్టడమంటే బలహీనంగా కట్టడం కాదు. ఆ మోడల్ దీపాల వేడికి ఓర్చుకోవాలి, తీగ మీద వేలాడాలి, కెమెరా ముందు సరైన క్షణం దాకా నౌకలా నిలబడాలి. అప్పుడు మాత్రమే పగలాలి, అదీ అనుకున్న చోట. అందుకే గోడలు పలచన చేస్తారు. వెనకవైపు నుంచి గాట్లు పెడతారు. కొన్నిచోట్ల ముందే ముక్కలు చేసి తేలిగ్గా అతికించి, పైన రంగు కప్పేస్తారు. ఇక లోపలి సంగతి. బోలుగా వదిలేస్తే పేలినప్పుడు గుడ్డుపెంకులా విచ్చుకుని, ఇది ఉత్త డొల్ల అని తెలిసిపోతుంది. కనుక కడుపులో దూలాలు, అంతస్తులు, తీగలు, తుక్కు నింపుతారు. సినిమా మొత్తంలో ఎవరూ తలుపు తీసి చూడని గదులవి. అవి కనిపించేది ఒక్కసారే, గాలిలో ఎగురుతూ, సెకనులో సగంసేపు. ‘స్టార్ వార్స్’లో మందుగుండు పని చేసిన జో విస్కొసిల్, తర్వాత 1996లో ‘ఇండిపెండెన్స్ డే’ కోసం పన్నెండో వంతు కొలతతో కట్టిన వైట్ హౌస్‌ను పేల్చిన బృందంలోనూ ఉన్నాడు. ఆ సినిమాకు వచ్చిన ఆస్కార్‌లో ఆయనకూ వాటా ఉంది. ప్లాస్టర్‌తో పోసిన ఆ భవనం పేలుతున్నప్పుడు గోడల వెనక నుంచి ఇంకా ఏదో బయటికి వస్తూనే ఉంటుంది. మనం కొయ్యబారిపోయేది అక్కడే.

ఇక కాలం లెక్క. ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. ఇరవై అయిదు మీటర్ల ఎత్తు నుంచి జారిన ముక్క నేల చేరడానికి రెండుంపావు సెకన్లు పడుతుంది. ఇరవై అయిదో వంతు మోడల్‌లో అదే ఎత్తు ఒక మీటరు. అక్కడి నుంచి ముక్క అర సెకను లోపే పడిపోతుంది. అంటే బొమ్మ లోకంలో కాలం ఐదు రెట్లు తొందరగా నడుస్తుంది. కొలత ఎన్నో వంతు తగ్గిందో ఆ సంఖ్యకు వర్గమూలం ఎంతో, కాలం అంత తొందరపడుతుంది. దాన్ని నెమ్మదింపజేయాలంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములు తీయాలి. అలా తీసిన దాన్ని మామూలు వేగంతో వేస్తే అరచేతిలో పట్టే ముక్కకు టన్నుల బరువు వస్తుంది. ఇంగ్లండులో స్లౌ పట్టణంలోని స్టూడియోలో ‘థండర్‌బర్డ్స్’ టీవీ ధారావాహిక కోసం డెరెక్ మెడింగ్స్ బృందం 1960లలో వారంవారం చేసింది ఇదే. వేగం ఐదింతలైతే ఒక్కో ఫ్రేముకు వెలుగు తగిలే సమయం ఐదో వంతవుతుంది. కాబట్టి దీపాలు ఐదింతలు కావాలి. ఆ వేడిలో, పేలుడు మందు పక్కన నిలబడి చేసే పని అది.

ఎంత లెక్క వేసినా నిప్పు మాత్రం మాట వినదు. మంట నాలుక కొవ్వొత్తి మీద ఒకలా ఉంటుంది, ఊరు తగలబడుతున్నప్పుడు ఒకలా ఉంటుంది. చిన్న మంటను ఎంత నెమ్మదిగా చూపినా చిన్న మంటే. నీటి బొట్టూ అంతే. అందుకే పేల్చే మోడల్ ఎంత పెద్దదైతే అంత నయం.

అంతరిక్షంలో ఇంకో చిక్కుంది. అక్కడ ముక్కలు కింద పడకూడదు, కింద అనేదే లేదు. స్టూడియోలో భూమి ఊరుకోదుగా, ప్రతి ముక్కనీ వంచి లాక్కుంటుంది. కథలో శత్రువుల భారీ అంతరిక్ష స్థావరమైన డెత్ స్టార్ పేలుడుకు ‘స్టార్ వార్స్’ వాళ్లు ఎంచుకున్న ఉపాయం చాలా సాదా సీదా అయినది: కెమెరాను కింద పెట్టి, పైకి చూపించి, దాని నెత్తిన పేల్చారు. నిప్పురవ్వలు నాలుగు వైపులా విచ్చుకుంటూ మన మీదికే వస్తాయి. అవి పడుతున్నాయో ఎగురుతున్నాయో కంటికి తెలియదు. 1997లో ఆ సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు పేలుడు చుట్టూ కంప్యూటర్‌తో ఒక వలయం చేర్చారు. నాకు వలయం లేని పాతదే ఇష్టం. చీకటి ఉన్నట్టుండి చిచ్చుబుడ్డిలా విచ్చుకున్న ఆ క్షణానికి ఇంకేం చేర్చనక్కర్లేదు.

1979 నాటి బాండ్ చిత్రం ‘మూన్‌రేకర్’లో అంతరిక్ష కేంద్రాన్ని మెడింగ్స్ బృందం తుపాకీతో కాల్చి ముక్కలు చేసింది. అంత కష్టపడి కట్టినదానికి ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి చేతులు ఎలా ఉండి ఉంటాయా అని ఆలోచిస్తుంటాను.

చేతులు ఆడని సందర్భాలూ ఉన్నాయి. 1984లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ మూడో చిత్రంలో ఎంటర్‌ప్రైజ్ నౌక తనను తాను పేల్చుకుంటుంది. ఎనిమిది అడుగుల అసలు మోడల్‌ను ముట్టుకోలేదు. పేలుడు కోసం వేరే మోడళ్లు కట్టారు. ఆ దృశ్యంలో నన్ను వెంటాడేది పేలుడు కాదు, దాని తర్వాతి క్షణం. పళ్లెంలాంటి నౌక పైభాగం మీద నౌక సంఖ్య రాసి ఉంటుంది. లోపలి వేడికి ఆ సంఖ్య చుట్టూ లోహం కరిగి, తినేసినట్టు మాయమవుతూ పోతుంది. అక్కడ నిజంగా కరిగింది ప్లాస్టిక్, కరిగించింది అసిటోన్, లోపలి నుంచి వెలిగింది దీపం. కానీ దాదాపు ఇరవై ఏళ్ల పాటు జనం గుర్తుపెట్టుకున్న సంఖ్య ఒక్కో అంకే చెరిగిపోవడం చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. ఆ అంకెల్ని ఎవరో ఒకరు కుదురుగా, వంకర పోకుండా రాశారు. అలా రాయకపోతే చెరిగినప్పుడు మనకు ఏమీ పోయేది కాదు.

మనకూ ఈ విద్య కొత్త కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగులు 60 అడుగుల జాగాలో ద్వారకా నగరం వెలసింది. గోఖలే, కళాధర్ల కళాదర్శకత్వంలో దాదాపు మూడు వందల బుల్లి ఇళ్లు, ఒక్కోదానిదీ ఒక్కో రూపు, ఒక్కోదానిలో ఒక్కో విద్యుద్దీపం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే దాన్ని నగరంగా చూపించారు. ఆ ద్వారకను పేల్చే అవసరం కథలో లేదు. అయినా మూడు వందల ఇళ్లలో ఏ ఇల్లూ పక్కింటిలా ఉండకూడదని పట్టుబట్టిన మనసూ, ఎవరూ చూడని నౌక కడుపులో అంతస్తులు కట్టిన మనసూ ఒకటే.

సాహిత్య పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకంటే, నెలనెలా మా బల్ల మీదికి వచ్చే కథల్లో ఎన్నో చావులుంటాయి. రైతు ఉరి పోసుకుంటాడు. తల్లి కన్నుమూస్తుంది. ప్రాజెక్టు కింద ఊరు మునుగుతుంది. రచయిత దుఃఖం నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మునిగిన ఆ ఊళ్లో బావి ఏ దిక్కున ఉందో కథలో ఉండదు. ఉరి పోసుకున్న మనిషి అంతకు ముందు రోజు ఎవరితో ఏం మాట్లాడాడో ఉండదు. చివరి పేజీలో కూలిపోవాల్సినదని మొదటి పేజీలోనే అట్టముక్కలతో సరిపెట్టారు. బాంబు పెట్టారు, అడుగున చిల్లు పడింది, కథ పక్కకి ఒరిగింది. ఇలాంటి కథలు తిప్పి పంపేటప్పుడు ఆ దీపావళి రాత్రి మా అన్నయ్య ముఖం కళ్ల ముందు ఆడుతుంది. వాళ్లకు ఎక్కడ తప్పిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఈ మధ్యే ఒక ముంపు కథ చదివాను. అందులో ఏడుపులు లేవు. లారీలో సామాను ఎక్కించారు. పెరట్లో నేలలో పాతిన రోలును పెకలించడం ఎవరివల్లా కాలేదు. ముసలావిడ బిందె నీళ్లు తెచ్చి రోలు కడిగి, పొత్రాన్ని రోజూ రాత్రి పెట్టినట్టే పక్కకి వాల్చి, చీర కుచ్చిళ్లు దులుపుకుని లారీ ఎక్కింది. అంతకు ముందు మూడు పేజీల నిండా ఆ పెరడు ఉంది: జామచెట్టు, దండెం, గిన్నెలు తోమే బండ. అవేవీ కథను నడిపించవు. కానీ నీళ్లు వచ్చినప్పుడు మునిగింది అవే.

మళ్లీ నౌకల దగ్గరికి వస్తే, స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం కట్టిన డిస్కవరీ నౌక పొడవు 54 అడుగులు. 1968 నాటి ఆ సినిమాలో అది పేలదు. ఎంతో శ్రద్ధగా, ఎంత దగ్గర నుంచి చూసినా నమ్మేలా కట్టారు. సినిమా అయ్యాక ఆ డిస్కవరీ మిగల్లేదు, ఆ సినిమా మోడళ్లలో చాలా వాటిదీ అదే గతి. చంద్రుడి మీద దిగే గుండ్రటి ఏరీస్ నౌక ఒకటి ఎలాగో బయటపడి, 2015లో వేలానికి వస్తే ఆస్కార్ అకాడమీ 3,44,000 డాలర్లకు కొనుక్కుంది. ఆ కథకు కొనసాగింపుగా, 1984లో విడుదలైన ‘2010’ తీయబోయినప్పుడు డిస్కవరీతో మళ్లీ అవసరం పడింది. మోడల్ లేదు, నక్షాలు లేవు. కట్టేవాళ్లు పాత సినిమా ఫ్రేములు తీసి, పెద్దవి చేసి, వాటి మీద స్కేలు పెట్టి కొలుచుకుంటూ, ఆ పొడవాటి వెన్నెముకలోని డబ్బాలన్నీ ఒక్కొక్కటే మళ్లీ కట్టారు.