పాస్ మీద ‘విజిటర్’ అని ఉంది



ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చే జనం గురించి ఒక డాక్టరు గారు రాసిన లేఖ పోయిన వారం మీ పత్రికలో చదివాను. ఒక రోగికి ఒక్కరే ఉండాలి, అదీ విజిటింగ్ టైములోనే రావాలి అన్నారు. చాలా మటుకు నిజమే. మా పాపను చేర్పించిన సాయంత్రానికి ఆసుపత్రి మెట్ల మీద మావాళ్ళే పద్నాలుగు మంది తేలారు. మా ఆడపడుచు ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. బాబాయి బొప్పాయాకుల రసం తెచ్చి, లోపలికి పంపించమని సెక్యూరిటీ అతనితో తగువేసుకున్నాడు. అతను విసుక్కున్నాడంటే తప్పు అతనిది కాదు. కానీ ఆ లేఖ చివర్లో డాక్టరు గారు ‘పిల్లల ఐసీయూలకూ ఇదే వర్తించాలి’ అన్నారే, అక్కడ ఆగిపోయాను. మా ఆడపడుచు విజిటరు, బాబాయి విజిటరు, ఒప్పుకుంటాను. మూడున్నరేళ్ళ పిల్లకు తల్లి విజిటరు ఎలా అవుతుంది?

పోయిన అక్టోబరులో మా చిన్నమ్మాయికి డెంగీ వచ్చింది. నాలుగు రోజులు జ్వరం కాసి ఐదో రోజు పొద్దున ఒళ్ళు చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం. డెంగీలో అసలు గండం జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుందని అప్పటికి మాకు తెలీదు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు, పిలిస్తే మగతగా చూడటం. నరసరావుపేటలో మేం చూపించే డాక్టరు గారు నాడి పట్టుకుని చూసి, ఇక్కడ ఆలస్యం చెయ్యొద్దు, గుంటూరు తీసుకెళ్ళండి అన్నారు. అక్కడ ఒక పిల్లల ఆసుపత్రిలో నేరుగా ఐసీయూలోకి తీసుకున్నారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. వాళ్ళు మా పిల్లను బతికించారు. ఇంకేం చెప్పినా ఆ మాట తర్వాతే.

పాపను నా భుజం మీది నుంచి తీసుకున్నారు, తలుపు పడింది. మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చారు. దాని మీద ఇంగ్లీషులో ‘విజిటర్’ అని ఉంది. పొద్దున 11 గంటలకు పది నిమిషాలు, సాయంత్రం 5 గంటలకు పది నిమిషాలు, అమ్మ గానీ నాన్న గానీ ఒకరే. మిగతా పొద్దంతా, రాత్రంతా బయట స్టీలు కుర్చీల్లో. ఆ కుర్చీలకు మధ్యమధ్యలో చేతులుంటాయి, నడుం వాల్చడానికి లేకుండా. వాటిని ఎంచి కొన్నవాళ్ళు ఎవరి కోసమూ ఏ ఆసుపత్రిలోనూ ఒక్క రాత్రి గడిపి ఉండరు.

రెండో రోజు పొద్దున డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, తెల్లవారుజాము నుంచి యూరిన్ రాలేదు, సెలైన్ పెంచాల్సి రావచ్చు అని చెప్పి వెళ్ళారు. ఆ మాటకు ఎంత అర్థం ఉందో నాకు తర్వాత బోధపడింది. డెంగీ ముదిరినప్పుడు రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరిపోతుంది. సెలైన్ తక్కువైతే పిల్లలు షాక్‌లోకి వెళ్తారు. ఎక్కువైతే ఆ నీరే పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఆయాసం తెస్తుంది. మనం ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని ఒకటే కంగారుపడతాం గానీ, లోపల వాళ్ళు గంటగంటకూ చూసుకునేది బీపీ, నాడి, మూత్రం ఎంత వచ్చిందన్నది. మధ్యమధ్యలో రక్తం తీసి, అది ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ చూస్తారు. సెలైన్ ఎంత ఎక్కించాలన్నది ఆ లెక్కల మీదే నడుస్తుంది.

11 గంటలకు నేను లోపలికి వెళ్ళాను. పిల్ల నా మెడ పట్టుకుని చెవిలో, ‘అమ్మా, ఒంటికి’ అంది.

ఎప్పటినుంచో ఆపుకుంటోందట. డైపర్ వేశారు, అందులో పోస్తే సిస్టర్ దాన్ని తూకం వేసి రాసుకుంటుంది. పద్ధతిలో లోపం లేదు. కానీ బట్టల్లో పోసుకుంటే తప్పని ఏడాదిపాటు దానికి నేర్పింది నేనే. సిస్టర్‌తో కూడా చెప్పిందట, రెండుసార్లు. ఆ అమ్మాయిది కేరళ. మంచి పిల్ల, మన పిల్లల కోసం నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుంది కూడా. ఆ నాలుగింటిలో ‘ఒంటికి’ లేదు. నేను బెడ్‌పాన్ అడిగి పెట్టించాను. సిస్టర్ కొలిచింది, చార్టులో రాసింది, డాక్టరుకు చూపించింది. సెలైన్ పెంచే ప్రసక్తి అక్కడితో ఆగింది. ఈలోపు నా పది నిమిషాలూ అయిపోయాయి.

తల్లిని పక్కన ఉండనివ్వడాన్ని మనవాళ్ళు జాలి కింద జమ కడతారు. వీలుంటే చూద్దాం అన్నట్టు. ఆ పొద్దున అది పిల్ల చార్టులో ఒక అంకె అయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన లోపలికి వెళ్ళొచ్చారు. ‘పాప గుడ్ గర్ల్ అయిపోయింది, అసలు ఏడవట్లేదు’ అని సిస్టర్ చెప్పిందని సంబరంగా చెప్పారు. మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్ల నన్ను చూసి గోడ వైపు తిరిగింది. చెయ్యి పట్టుకుంటే లాక్కుంది. మందుల మత్తేమో అనుకున్నాను.

మత్తు కాదని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. 1950ల్లో ఇంగ్లండులో కూడా చాలా ఆసుపత్రులు పిల్లల దగ్గరికి తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవి కావు. లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసే జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ‘ఎ టూ ఇయర్ ఓల్డ్ గోస్ టు హాస్పిటల్’ అని ఒక సినిమా తీశాడు. బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లారా అనే రెండేళ్ళ పిల్ల కథ అది. కథ అంటున్నాను గానీ కల్పన ఏమీ లేదు, జరిగింది జరిగినట్టు. పిల్లలు మొదట ఏడుస్తారు, తర్వాత ఆశ వదులుకుని మూగబోతారు, ఆ తర్వాత తల్లి వచ్చినా పట్టనట్టు ఉండిపోతారు, ఆ మూగబోవడాన్ని చూసి పెద్దవాళ్ళు ‘సర్దుకుంది’ అనుకుంటారు అని ఆయన చెప్పాడు. సినిమా చూసిన డాక్టర్లు ఆయన మీద మండిపడ్డారు. అయినా 1959లో సర్ హ్యారీ ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులకు వేళల ఆంక్షలు తీసెయ్యాలనీ, మరీ చిన్నపిల్లలైతే తల్లులు వాళ్ళతోపాటే ఉండే ఏర్పాటు చెయ్యాలనీ ఆ ప్రభుత్వానికి సిఫారసు చేసింది. మా పిల్ల గోడ వైపు తిరగడానికి అరవై ఏళ్ళ పైచిలుకు ముందు సంగతి ఇది.

ఇన్‌ఫెక్షన్ వస్తుంది కదా అంటారు. డాక్టరు గారూ అదే రాశారు. ఆయన నాకంటే చదువుకున్నవారు, కాబట్టి 2021లో వెలువడ్డ కంగారూ కేర్ అధ్యయనం ఆయనకు తెలిసే ఉంటుంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఆసుపత్రుల్లో చేశారు. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువుతో పుట్టిన పసిగుడ్లను, పరిస్థితి కుదుటపడే దాకా తల్లికి దూరంగా ఉంచకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద ఉంచారు. అందుకోసం తల్లుల మంచాలను నవజాత శిశువుల ఐసీయూలోకే తెచ్చారు. మొదటి 28 రోజుల్లో మరణాలు దాదాపు పావు వంతు తగ్గాయి. ఇన్‌ఫెక్షన్లు పెరగడం మాట అటుంచి, అవీ తగ్గాయి. కిలోంబావు బిడ్డ దగ్గర కూర్చోగలిగిన తల్లి, చేతులు కడుక్కుని గౌను వేసుకుంటే, పద్నాలుగు కిలోల పిల్ల దగ్గర కూర్చోకూడదా?

ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో ఈ గొడవే ఉండదు. నా పెద్దపిల్లకు విరేచనాలు పట్టుకున్నప్పుడు మూడు రోజులు ఉన్నాం. ఒక మంచం మీద ఇద్దరు పిల్లలు, కింద చాపల మీద ఇద్దరు తల్లులు. సెలైన్ అయిపోవచ్చిందని సిస్టర్‌ను కేకేసేది మేమే, తుడిచేది మేమే, మోసేది మేమే. తల్లి లేకపోతే అక్కడ పని జరగదు. డబ్బు కట్టని చోట తల్లి చేత ఆయా పని చేయిస్తారు, డబ్బు కట్టిన చోట తలుపు వేస్తారు.

డాక్టరు గారి ఇంకో భయం దాడుల గురించి. లోపలికి రానిస్తే ప్రతి సూదికీ గొడవ పడతారట. డాక్టర్ల మీద చెయ్యి చేసుకునేవాళ్ళను నేను వెనకేసుకు రాను. దానికి 2008 నుంచీ చట్టం ఉంది, అమలు చెయ్యాల్సిందే. కానీ మూడు రాత్రులు ఆ కుర్చీల్లో కూర్చుని జనం ఏం మాట్లాడుకుంటారో విన్నదాన్ని. ‘లోపల ఏం చెయ్యట్లేదు, బిల్లు కోసం ఊరికే పడుకోబెట్టారు’, ‘పిల్లాడు ఉన్నాడో లేదో’. మూసిన తలుపు ముందు కూర్చోబెడితే మనిషికి వచ్చే ఆలోచనలు ఇవే.

మూడో రాత్రి రెండింటికి ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. మా పిల్ల సెలైన్ సూది పీకేసుకుంది, ఇంకో చేతికి పెట్టబోతే పెనుగులాడుతోంది, మీరు రండి అన్నారు. రూలు వాళ్ళకు అవసరం పడేసరికి వంగింది. పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాను. రెండోసారికి నరం దొరికింది. నన్ను మళ్ళీ బయటికి వెళ్ళమనడం ఎవరికీ గుర్తు రాలేదు. పాప నా చెవి తమ్మె నలుపుకుంటూ నిద్రపోయింది, ఇంట్లో అలాగే పడుకుంటుంది. ఆ కేరళ అమ్మాయి తెల్లారేదాకా నాలుగు మంచాల మధ్య కూర్చోకుండా తిరగడం చూశాను. పొద్దున బయటికొచ్చి, ‘లోపల ఏం చెయ్యట్లేదు’ అన్న పెద్దమనిషికి ఆ సంగతి చెప్పాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులన్నీ 2002 నాటి చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. ఐదేళ్ళ లోపు పిల్లలు ఐసీయూలో ఉంటే తల్లో తండ్రో పక్కనే ఉండవచ్చునని ఆ షరతుల్లో ఒక్క వాక్యం చేర్చమని ఆరోగ్యశాఖ వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. గొట్టం వేసేటప్పుడో, పక్క మంచం మీద బిడ్డకు మీదికొచ్చినప్పుడో బయటికి వెళ్ళమంటే వెళ్తాం. పద్నాలుగు మందిని రానివ్వమని ఎవరూ అడగడం లేదు. డాక్టరు గారు ఒక్కరే అన్నారు, నేనూ ఒక్కరే అంటున్నాను, కాకపోతే ఇరవై నాలుగు గంటలూ. చోటు లేదంటారేమో. ఆ రాత్రి నాకు వేసిన ప్లాస్టిక్ స్టూలు మంచానికీ మానిటర్‌కీ మధ్య సరిగ్గా పట్టింది.

ఇట్లు
ఒక తల్లి, నరసరావుపేట