రైలు పోయినా వాలు మిగలాలి

అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు దాదాపు 240 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. పేరు గ్రేట్ అలెఘెనీ పాసేజ్. నదుల వెంట సాగి, సొరంగాలు, ఎత్తైన వంతెనలు దాటి కొండలెక్కుతుంది. అయినా కొత్తగా సైకిల్ తొక్కేవారు కూడా పెద్దగా ఆయాసపడరు. ఎందుకంటే, అది ఒకప్పటి రైలు మార్గం.

ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం సులువుగా దొర్లుతుంది, కానీ పట్టు తక్కువ. వాలు ఎక్కువైతే జారుతుంది. అందుకే ఇంజనీర్లు కొండలు తొలిచి, పల్లాల్లో మట్టికట్టలు పోసి వాలును 2 శాతం లోపే ఉంచారు. సైకిల్‌తో కలిపి 90 కిలోల బరువుతో, గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఆ వాలు ఎక్కాలంటే గురుత్వాకర్షణను ఎదుర్కోవడానికి 60 వాట్ల లోపు సామర్థ్యం చాలు. అదే 6 శాతం వాలున్న ఘాట్ రోడ్డులో సుమారు 175 వాట్లు కావాలి.

పర్యాటక ప్రచారాలు దృశ్యాలనే పొగుడుతాయి గానీ, అసలు ఆస్తి ఈ వాలే. మధ్యలో నాలుగు చోట్ల స్థలం చేతులు మారితే దాన్ని మళ్లీ అతికించడం దాదాపు అసాధ్యం. అందుకే అమెరికా 1983లో చట్టం సవరించింది. వాడని మార్గాన్ని ముక్కలు కాకుండా బాటగా ఉంచి, అవసరమైతే మళ్లీ పట్టాలు వేసుకునే వీలు కల్పించింది. భూయజమానులు కోర్టుకెళ్లారు. వారి వాదన తీసిపారేయదగ్గది కాదు. 1990లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, పరిహారం కోరే దారిని తెరిచే ఉంచింది.

మన దేశంలోనూ గేజ్ మార్పిడితో కొన్నిచోట్ల పాత మార్గాలు వదిలేశారు. నల్లమలలోని దొరబావి వంతెన స్తంభాలు అలా మిగిలినవే. పులులు తిరిగే అడవిలో సైకిళ్లు వద్దంటే ఒప్పుకోవచ్చు. ఊళ్ల మధ్య సాగే పాత కట్టలనైనా, పట్టాలు తీసే ఉత్తర్వులోనే, ఈ చివర నుంచి ఆ చివర దాకా విడగొట్టకూడదన్న షరతు చేర్చాలి.