తుప్పు క్రింద మంచి ఇనుము



మన పల్నాటి పల్లెల్లో అటక మీద పాత ఇనుప చిత్రిక పడి ఉన్న ఇండ్లు ఇంకా ఉన్నవి. తాతగారో తండ్రిగారో దానితో తలుపులు, మంచపు పట్టెలు నునుపు చేసి కుటుంబాన్ని పోషించారు. నేడు తలుపులు తయారై వస్తున్నవి, కరెంటు చిత్రికలు వచ్చినవి గనుక అది పాత ఇనుము బండివానికి తూకానికి పోతున్నది. ఇచ్చివేయక ముందు ఒక పూట దానికోసం శ్రమపడండని మా మనవి.

మొదట తుప్పును పరిశీలించండి. పొడిగా రాలేది పైపై తుప్పు. దానికి భయం లేదు. అడుగుభాగాన చిన్న గుంటలున్నా పని ఆగదు. బ్లేడు అంచున గుంటలుంటే మాత్రం చెక్క మీద గీతలు పడతాయి. ఆ గుంట దాటేవరకు బ్లేడును అరగదీయాలి. పోత ఇనుప దిమ్మె పగిలి ఉంటే ఆశ వదలుకోవలసినదే.

బిగిసిన మరలకు రాత్రి డీజిలు చుక్కలు వేసి ఉంచితే ఉదయానికి వదులవుతాయి. అన్నీ విప్పి, ఇనుప భాగాలను చిక్కని చింతపండు పులుసులో కొన్ని గంటలు నానబెట్టండి. ఆ పులుపు తుప్పును కరిగిస్తుంది. తర్వాత పీచుతో తోమి, వంటసోడా నీటితోగాని పిడుగురాళ్ల సున్నపు తేటతోగాని కడగండి. పులుపు మిగిలితే మళ్లీ తుప్పు పడుతుంది. వెంటనే తుడిచి, ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పూయండి.

మందపాటి అద్దం మీద గరుకు కాగితం పరచి అడుగుభాగాన్ని సమం చేయండి. ముందుగా అడుగున పెన్సిలుతో గీతలు గీస్తే, ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లమున్నట్లు తెలుస్తుంది. బ్లేడు ఏటవాలు సుమారు 25 డిగ్రీలు ఉండాలి. సాన చక్రం మీద పట్టేటప్పుడు మాటిమాటికి నీటిలో ముంచండి. అంచు నీలంగా మారితే ఉక్కు పదును నిలవదు. వెనుక వైపు కూడా అద్దంలా చదునుగా ఉండాలి. పైనున్న వంపు రేకును అంచుకు ఒక మిల్లీమీటరు లోపల బిగించండి.

ఈ ఇనుప చిత్రిక రూపం అమెరికాలో లెనర్డ్ బెయిలీ కల్పించినది. ఆయన హక్కులను స్టాన్లీ కంపెనీ 1869లో కొన్నది. నేటికీ ఆ రూపం పెద్దగా మారలేదు. అందువలన బ్లేడు పూర్తిగా అరిగినా సరిపడే కొత్తది దొరుకుతుంది.

ఇనుము మొద్దుబారితే ఎక్కువ బలము వాడవలసి వస్తుందని ప్రసంగి చెప్పిన సంగతి వడ్రంగికి బాగా తెలుసు. పదునైన చిత్రిక వేపచెక్క మీద పలుచని పొట్టును చుట్టలుగా లేపుతుంది. మీ ఇంట వాడేవారు లేకపోతే, మీ ఊళ్లో ఆ పని నేర్చుకొంటున్న పిల్లవానికి ఇవ్వండి. తూకానికి వచ్చే రూపాయలు ఒక పూటకే. ఆ పనిముట్టు అతనికి ఏండ్ల తరబడి అన్నం పెడుతుంది.