విషం పేరు తెలిస్తే సరిపోదు

2020 డిసెంబరు తొలి వారంలో ఏలూరును పట్టుకున్న వింత జబ్బు ఆరువందలకు పైగా మందిని ఆసుపత్రి పాలు చేసింది. మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. చాలామంది గంటల్లోనే తేరుకుని ఇళ్లకు వెళ్లారు. ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పది రోజులు గడిచేసరికి పురుగుమందుల అవశేషాలే కారణమై ఉంటాయన్న అంచనా ముందుకొచ్చింది.

ఈలోగా ఊరు ఊరుకుంటుందా? కరోనా పేరుతో అతిగా చల్లిన బ్లీచింగ్ అన్నారు కొందరు, కుళాయి నీళ్లన్నారు మరికొందరు. మున్సిపల్ నీళ్లు తాగనివాళ్లూ పడిపోయారని తెలిశాక కూడా ఆ మాట ఆగలేదు. అధికారపక్షం, ప్రతిపక్షం తమకు పనికొచ్చే ఫలితాన్నే పట్టుకుని వాదించాయి.

సీసం వాదన మొదటి నుంచీ బలహీనమే. సీసం సాధారణంగా నెలలు, ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. సాయంత్రం పడిపోయినవాడు రాత్రికి లేచి ఇంటికెళ్లడం దాని లక్షణం కాదు. జబ్బుపడని ఏలూరువాసుల రక్తంలో సీసం ఎంత ఉందో పోల్చనిదే రోగుల లెక్కకు అర్థమూ లేదు. పురుగుమందు వాదన లక్షణాలకు దగ్గరగా ఉంది. కానీ అది ఏ దారిన ఇంతమంది ఒంట్లోకి చేరిందో స్పష్టంగా తేలలేదు. వరిచేల నడుమ బతికే డెల్టాలో వెతికితే పురుగుమందు దొరక్కపోతేనే ఆశ్చర్యం. దొరికిందే కారణమని చెప్పాలంటే మోతాదు, సమయం, దారి మూడూ కలవాలి. ఆ లెక్క స్పష్టంగా తేలకుండానే 2021 జనవరిలో పూళ్ల, కొమిరేపల్లి గ్రామాల్లో అలాంటి లక్షణాలే మళ్లీ కనిపించాయి.

ఏలూరు వెనుక ఏ దేశమూ లేదు. ఒక దేశమే నిందితురాలైన కేసులో రుజువును ఎలా నిలబెట్టారో చూడాలంటే బ్రిటన్‌లోని సాలిస్‌బరీ వైపు చూడాలి. 2018 మార్చి 4న అక్కడ రష్యా మాజీ గూఢచారి సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు యూలియా నోవిచోక్ విషానికి గురయ్యారు. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ స్వయంగా నమూనాలు సేకరించి, వేర్వేరు ప్రయోగశాలల్లో పరీక్షింపజేసి, బ్రిటన్ గుర్తించిన రసాయనమే అని ఏప్రిల్‌లో ధ్రువీకరించింది. ఎవరు ప్రయోగించారో మాత్రం చెప్పలేదు. అది పోలీసుల పని. సెప్టెంబరులో వాళ్లు ఇద్దరు రష్యన్లపై అభియోగాలు ప్రకటించారు. కేథడ్రల్ శిఖరం చూడటానికే వెళ్లామని ఆ ఇద్దరూ టీవీలో చెప్పుకున్నారు!

ఈలోగా రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఒక మాట వదిలారు: స్విస్ ప్రయోగశాలకు ఆ నమూనాల్లో బీజెడ్ అనే వేరే రసాయనం కనిపించిందట. కనిపించిందన్న మాటకు ఆధారం లేకపోలేదు. ప్రయోగశాలల పనితీరును పరీక్షించడానికి రసాయన ఆయుధాల నిషేధ సంస్థే పంపిన తనిఖీ నమూనాలో బీజెడ్ తయారీకి వాడే రసాయనం ఉంది. సాలిస్‌బరీలో సేకరించిన నమూనాలతో దానికి సంబంధం లేదు. సగం నిజంతో అల్లిన ఆ అబద్ధాన్ని సంస్థ రోజుల్లోనే విప్పి చెప్పగలిగింది. ఏ నమూనా ఎక్కడిదో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో దాని దగ్గర లెక్క ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గర లోపించింది నిపుణులు కాదు. ఎయిమ్స్, నీరి, ఎన్ఐఎన్ వంటి సంస్థలన్నీ ఏలూరు కేసును చూశాయి. జనానికి చేరింది మాత్రం మంత్రుల ప్రకటనలు, టీవీ స్క్రోలింగులు. ఇలాంటి ఘటన మళ్లీ జరిగితే ప్రయోగశాల నివేదికలను నమూనాల వివరాలతో సహా ప్రభుత్వం మొదటి రోజు నుంచే బయటపెట్టాలి. తేలనిది తేలలేదని అందులోనే రాయాలి.