నల్లని నదిలో ఎర్రని చేప

అలంకార చేపల దుకాణాలలో పిల్లల చూపును ఇట్టే ఆకట్టుకునే చేపలలో కార్డినల్ టెట్రా ఒకటి. పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే. వీపు కింద మెరిసే నీలి గీత, దాని దిగువన తల నుండి తోక దాకా చిక్కని ఎరుపు. దీని దగ్గరి బంధువైన నియాన్ టెట్రాకు ఎరుపు వెనుక సగంలోనే ఉంటుంది. ఈ గుర్తుతో రెండింటినీ తేలికగా పోల్చుకోవచ్చు.

దీని స్వస్థలం దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో, ఒరినోకో నదుల ఎగువ ప్రాంతాలు. రియో నీగ్రో అంటే నల్లని నది అని అర్థం. అడవిలో రాలిన ఆకులు, కొమ్మలు నానినందువల్ల ఆ నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అందులో ఆమ్లగుణం ఎక్కువ, ఖనిజ లవణాలు అత్యల్పం. ఏటా వరదకాలంలో నది అనేక మీటర్లు పెరిగి నెలల తరబడి అడవిని ముంచుతుంది. అప్పుడు ఈ చేపలు చెట్ల నడుమకు చేరి, సూక్ష్మజీవులను తింటూ పెరుగుతాయి. నీరు తీసినప్పుడు గుంటలలో చిక్కుకుని లెక్కలేనన్ని చనిపోతాయి. సహజ పరిస్థితులలో వీటిలో అధికభాగం ఏడాదికి మించి బతకవు.

బ్రెజిల్‌లోని బార్సిలోస్ పట్టణ పరిసరాలలో ఎన్నో కుటుంబాలకు ఈ చేపే జీవనాధారం. చిన్న పడవలలో వెళ్లి, చేతివలలతో సజీవంగా పట్టి అమ్ముతారు. అడవి ఉంటేనే చేప, చేప ఉంటేనే కూడు. కనుక చెట్టును నరకకుండా ఉంచడంలోనే వారి లాభం ఉంది. ఈ సంబంధాన్ని గుర్తించి 1989లో ‘ప్రాజెక్ట్ పియాబా’ మొదలయింది. చేపను కొనడం చెట్టును కాపాడడమే అన్నది దాని సందేశం.

నేడు ఈ చేపను ఇతర దేశాల పెంపక కేంద్రాలలోనూ ఉత్పత్తి చేస్తున్నారు. అడవి చేపను పట్టకపోవడమే మేలని కొనేవారు భావించడం సహజం. కాని ఆ ఆదాయం పోతే, నదీతీర కుటుంబాలకు మిగిలేది కలప నరకడం, బంగారు గనుల పని వంటి మార్గాలే. అవి అడవినీ నదినీ దెబ్బతీస్తాయి.

అలాగని ఈ నియమం ప్రతి చేపకూ వర్తించదు. మన పశ్చిమ కనుమల వాగులలోని ‘మిస్ కేరళ’ చేప, అలంకారం కోసం మితిమీరి పట్టినందువల్ల అంతరించే ప్రమాదంలో పడింది. దాని విషయంలో పెంపక కేంద్రంలో పుట్టిన చేపనే కోరడం న్యాయం.

కనుక పిల్లల కోసం చేపను కొనేముందు దాని ధరతోపాటు అది ఎక్కడిదో కూడా అడగాలి. కార్డినల్ టెట్రా గుంపుజీవి. ఒకటి రెండు కాక, కనీసం ఎనిమిది పది కలిపి, లవణాలు తక్కువగా ఉన్న మెత్తని నీటిలో ఉంచాలి. పెంచలేకపోతే తిరిగి దుకాణానికి ఇవ్వాలే గాని, చెరువులోనో కాలువలోనో వదలరాదు. ఒక నీటి జీవిని మరో నీటిలో విడిచిపెట్టడం దయ కాదు.