అధిపతికి వ్యవధి ఇవ్వండి

మండు వేసవిలో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్ ట్యూబు పగిలిందంటే యూనిట్ ఆగినట్టే. వేడి తగ్గాక ఇరుకు సందుల్లోకి వెల్డర్లు దిగి అతుకు వేయాలి. షిఫ్టు ముగిసినా వాళ్లను అక్కడ నిలబెట్టేది ఓవర్‌టైమ్ డబ్బు ఒక్కటే కాదు, తమ కష్టం పై అధికారికి తెలుసన్న నమ్మకం కూడా.

ఆ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ నార్ల తాతారావు కృష్ణా జిల్లా బిడ్డ, స్వయంగా ఇంజనీరు. పదేళ్లకు పైగా రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా ఉన్నారు. 1979లో ఇక్కడ తొలి 210 మెగావాట్ల యూనిట్ ఆయన హయాంలోనే మొదలైంది. అంతకాలం ఉండబట్టే తలపెట్టిన పనిని దగ్గరుండి పూర్తి చేయించగలిగారు.

ఇవాళ ప్రభుత్వ సంస్థల్లో సిబ్బంది ముఖాలు గుర్తుపట్టేలోపే అధిపతులు బదిలీ అవుతున్నారు. ప్రభుత్వం మారితే ఇక చెప్పనక్కర్లేదు. బొగ్గు, బూడిద మోసే కాంట్రాక్టు కార్మికుడి గోడు కాంట్రాక్టరు వినాలా, సంస్థ వినాలా అన్నదే తేలదు. మెమోలతో, సస్పెన్షన్లతో ఈ నమ్మకపు లోటు పూడదు.

ప్రభుత్వ సంస్థల అధిపతులకు కనీసం మూడేళ్ల స్థిర పదవీకాలం ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికుల ఫిర్యాదులకు జవాబుదారులుగా కూడా వారినే చేయాలి.