ముక్కూ మొహం తెలియనివాళ్ళా?

"ముక్కూ మొహం తెలియనివాళ్ళను కలవడానికి పట్నం పోతదట!" తాండూరు వైపు ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల ఆదివారం పొద్దున బ్యాగు సర్దుకుంటే ఇప్పుడు వినిపిస్తున్న మాట ఇది. ఇళ్ళలో అనుకోవడంతో ఆగలేదు. కాలేజీ వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు మైకు పట్టుకుని ఇదే చెబుతున్నారు. పెళ్ళి భోజనాల దగ్గర ఇదే నడుస్తోంది. ఒక హీరోనో, ఒక క్రికెటరునో, కొరియా పాటల బృందాన్నో ఇష్టపడి, ఆ ఇష్టం చుట్టూ రెండు మూడేళ్ళుగా ఫోన్లో మాట్లాడుకుంటున్న పిల్లలు ఒక శని, ఆదివారం హైదరాబాదులో ఎదురెదురుగా కూర్చోవాలనుకుంటే, అది చెడిపోవడానికి మొదటి మెట్టని తీర్పు చెప్పేస్తున్నారు. ఫోన్లో పుట్టిన స్నేహం ఫోన్లోనే ఉండాలట. ఈ మాట తప్పు. తప్పు మాత్రమే అయితే ఊరుకోవచ్చు. పిల్లల్ని ఏ ప్రమాదం నుంచి కాపాడతామంటున్నారో ఆ ప్రమాదంలోకే ఈ మాట వాళ్ళను నెడుతోంది, అందుకే ఊరుకోకూడదు.

తెలియనివాళ్ళు అంటే ఎవరో ముందు తేల్చుకుందాం. రోజూ రాత్రి పదింటికి ఒక అమ్మాయి ఇంకొక అమ్మాయికి సందేశం పెడుతుంది. పరీక్ష పోయిన రోజు ముందుగా చెప్పుకున్నది ఆ స్నేహితురాలికే. ఈ పిల్ల వాళ్ళమ్మకు షుగరని, తమ్ముడికి కోపమెక్కువని, అద్దె పెరిగి ఇల్లు మారబోతున్నారని ఆ స్నేహితురాలికి తెలుసు. గొంతు తెలుసు, నవ్వు తెలుసు, వీడియో కాల్ వల్ల ఈ పిల్ల వెనకాల గోడ రంగు కూడా తెలుసు. ఒక గదిలో కూర్చోలేదు, అంతే తేడా. ఆ స్నేహితురాలిని 'తెలియని మనిషి' అనే కుటుంబాలే, పెళ్ళి సంబంధాల యాప్‌లో ఒక ఫోటో, జీతం, గోత్రం చూసి, అరగంట పెళ్ళిచూపుల్లో నాలుగు మాటలు విని, అదే ఆడపిల్లను జీవితాంతం ఆ మనిషి ఇంటికి పంపిస్తున్నాయి. అక్కడ ముక్కూ మొహం తెలిస్తే చాలు, మనిషి తెలియకపోయినా ఫరవాలేదు. ఇక్కడ మనిషి తెలిసినా ముక్కూ మొహం అడ్డం వస్తోంది. ఈ రెండు కొలబద్దలు ఒకే ఇంట్లో ఎలా ఇముడుతున్నాయో ఎవరైనా చెప్పాలి.

తాండూరు పక్కనున్న కరణ్‌కోట లాంటి ఊరికి ఈ సంగతి మరీ దగ్గరిది. ఆ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. దాని ఫ్యాక్టరీలు దేశంలో చాలా చోట్ల మూతపడ్డా ఇక్కడిది నిలబడింది. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కంది పండే చేలు. కర్ణాటక పక్కనే. ఒక్క బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ వినిపిస్తాయి. పని కోసం నలుదిక్కుల నుంచి మనుషులు వచ్చి చేరిన నేల ఇది. ఇలాంటి చోట పిల్లకు చుట్టాలు దొరుకుతారు, కులం దొరుకుతుంది, పక్కింటివాళ్ళు దొరుకుతారు. కానీ తనకు నచ్చిన పాటే నచ్చిన ఇంకొక మనిషి దొరకాలన్న పూచీ ఊరికి లేదు. అరవై మంది ఉన్న క్లాసులో కొరియన్ పాట విని, దాని అర్థం వెతుక్కుని, నోటుబుక్కు చివరి పేజీలో తెలుగులో రాసుకునేది ఒక్కతే ఉండొచ్చు. ఆ ఒక్కతికి జత కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. వాళ్ళిద్దరికీ మధ్యస్థంగా ఉన్న జాగ పట్నం. అందుకే పట్నం పోతారు. దీనిలో రహస్యం ఏమీ లేదు.

ఇదంతా ఫోన్లు తెచ్చిన కొత్త రోగమనే వాదనకు ఎక్కువ సమయం ఇవ్వనక్కరలేదు. ఒకప్పుడు వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలు వచ్చేవి. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదొరై గొంతు కోసం చెవులు రిక్కించిన శ్రోతలు, తాము రాసిన ఉత్తరంలోని పేరూ ఊరూ ఆమె చదివితే పొంగిపోయేవారు. ఇంకాస్త దగ్గరి ఉదాహరణ ఉంది. కంప్యూటర్లో తెలుగు కనబడాలన్న పట్టుదల తప్ప ఇంకే చుట్టరికమూ లేని కొందరు, ఇంటర్నెట్‌లో పరిచయమై, ఇరవై ఏళ్ళ కిందట యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో నెలకొక ఆదివారం కలుసుకునేవారు. ఈ-తెలుగు అనే సంస్థ అలా రూపు కట్టింది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం నేర్పారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలై నిలబడిందంటే అలాంటి మనుషులు అలా కలిసినందువల్ల కూడా. వాళ్ళను ఎవరూ చెడిపోయారనలేదు. ఎక్కువమంది మగవాళ్ళు కావడం అందుకు కారణమా అని అడగక తప్పదు.

నా కోపమంతా ఇక్కడే. అభిమానమనే పిచ్చిని ఈ నేల తరతరాలుగా నెత్తిన పెట్టుకుంది, కాకపోతే అది మగపిల్లల పిచ్చి. ఎన్టీఆర్, ఏఎన్నార్, కృష్ణల కాలం నుంచి ప్రతి పట్టణంలో అభిమాన సంఘాలున్నాయి. వాటికి అధ్యక్షులున్నారు, కార్యదర్శులున్నారు, లెటర్‌హెడ్‌లున్నాయి. ఒక ఊరి సంఘం వాళ్ళు ఇంకో ఊరి సంఘం వాళ్ళను ముఖాలు తెలియకుండానే అన్నా, తమ్ముడూ అని పిలుచుకుని, లారీలెక్కి వందరోజుల పండుగలకు పోయారు. తెల్లవారుజామున బెనిఫిట్ షోకు పోయిన కొడుకును ఏ తండ్రీ "ఎవరితో పోయావు" అని గడప దగ్గర నిలదీయలేదు. ఆ సంఘాల బలంతో పార్టీలు లేచాయి. 1982 మార్చి 29న ఎన్టీఆర్ ప్రకటించిన పార్టీ 1983 జనవరి కల్లా అధికారంలో ఉందంటే, ఊరూరా గోడల మీద రాసిందీ జెండా మోసిందీ ముందుగా ఆయన అభిమానులే. 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు నెత్తురిచ్చిందీ అభిమానులే. ఇది గొప్ప సంగతే, కాదనను. మరి అదే ఇష్టం, అదే జట్టు కట్టే గుణం ఒక ఆడపిల్లలో కనబడితే తిరుగుడు ఎందుకవుతుంది? 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలై అక్కడివాళ్ళు ఉర్రూతలూగితే మన పత్రికలు మొదటి పేజీలో వేసుకున్నాయి. 2024లో 83 ఏళ్ళ జపాన్ పెద్దావిడ వెయ్యి కాగితపు కొంగలు మడిచి రాజమౌళికి కానుకగా ఇస్తే అందరి కళ్ళూ చెమర్చాయి. జపాన్ అవ్వ మన సినిమాను ఇష్టపడితే అది మన గౌరవం. మన పిల్ల కొరియా పాటను ఇష్టపడి దోస్తును కలవడానికి పోతే అది ఇంటి పరువు నష్టం. ఆ అవ్వ కూడా ఎవరికో కూతురే.

భద్రత మాటేమిటంటారు. తప్పకుండా మాట్లాడాలి, అందరికన్నా గట్టిగా నేనే మాట్లాడతాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటేటా ఇచ్చే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్ళు. ఆ పట్టికను గడి గడి చదవాలి. ఒక గడిలో కుటుంబ సభ్యులు. ఇంకో గడిలో కుటుంబ స్నేహితులు, ఇరుగుపొరుగు, పని ఇచ్చినవాళ్ళు. మూడో గడిలో స్నేహితులు, ఆన్‌లైన్ స్నేహితులు, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాళ్ళు. అవును, ఆన్‌లైన్ స్నేహితులు అన్న మాట అక్కడుంది, దాచను. కానీ అది మూడు గడుల్లో ఒక గడిలోని ఒక మాట. మొదటి రెండు గడుల గురించి వార్షికోత్సవ వేదికల మీద ఒక్క ముఖ్య అతిథీ నోరు విప్పడు. దొంగ పేరుతో, దొంగ ఫోటోతో వలవేసేవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళకు కావలసింది ఏమిటి? ఒంటరిగా ఉన్న పిల్ల, ఇంట్లో చెప్పుకోలేని పిల్ల. ఐదారుగురు అమ్మాయిలు పట్టపగలు పదకొండింటికి పార్కులో కలుస్తున్నాం రమ్మంటే దొంగ ప్రొఫైలువాడు రాడు, వస్తే ఆ నిమిషమే దొరికిపోతాడు. మోసం ఫోన్లో ఉన్నంతకాలమే బతుకుతుంది. ఎదుటపడితే చస్తుంది. కలవద్దని ఆజ్ఞ వేసిన ఇంట్లో స్నేహం ఆగదు, చెప్పడం ఆగుతుంది. బెదిరించేవాడి చేతికి ఆ మౌనాన్ని అందిస్తున్నది ఇంటివాళ్ళే.

తాండూరు పిల్లలకు పట్నం దారిలో అసలు ప్రమాదం ఏమిటో 2025 నవంబర్ 3న చూశాం. సోమవారం పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సు మీదికి చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ వచ్చి పడింది. 19 మంది పోయారు. ఇంటికొచ్చి తిరిగి కాలేజీలకు పోతున్న పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. బస్సు పోయే ఆ బీజాపూర్ రోడ్డు వెడల్పు పని పక్కనున్న మర్రిచెట్ల వివాదంతో ఏళ్ళ తరబడి ఆగింది. మర్రిచెట్లను కాపాడుకుంటూ రోడ్డు వేయడం చేతగాని పని కాదు, అయినా ఏళ్ళు గడిచాయి. పిల్లల ప్రాణాల మీద ప్రేమ ఉన్న పెద్దలు రోడ్డు కోసం, కంకర లారీల వేగం తగ్గించడం కోసం కలెక్టరేట్ ముందు కూర్చోవాలి. దానికి బదులు ఫోన్లో స్నేహితుల జాబితా తనిఖీ చేస్తున్నారు. ఇది నా వాదనకు కొంచెం పక్కదారే. కానీ ఆ సోమవారం తర్వాత ఈ సంగతి ఎత్తకుండా తాండూరు-పట్నం ప్రయాణం గురించి రాయడం నాకు సాధ్యం కాలేదు.

మిగతా అభ్యంతరాలు చిన్నవి. డబ్బు దండగంటారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్ నుంచి జీరో టికెట్ చింపి ఇస్తాడు. ప్రభుత్వం బస్సు తలుపు తెరిచింది, ఇంటి తలుపే మూసి ఉంది. చదువు పాడవుతుందంటారు. నెలకొక ఆదివారంతో పాడయ్యే చదువు సోమవారం కూడా నిలవదు. అభిమానుల గుంపులు ప్రాణాలు తీస్తాయంటారు, సంధ్య థియేటర్ పేరెత్తుతారు. 2024 డిసెంబర్ 4 రాత్రి అక్కడ 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోవడం ఎవరూ మరచిపోకూడనిది. అయితే అది గుంపు. గుంపుకు హీరో కావాలి, పక్కన నలిగిపోతున్న మనిషి కనబడదు. నేను మాట్లాడుతున్నది జట్టు గురించి. ఈ పిల్లల కలయికలో హీరో ఉండడు, గాయకుడు ఉండడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చిన, పేకముక్కంత ఫోటోకార్డులు బల్ల మీద పరుచుకుంటారు. నా దగ్గర రెండున్నాయి, నీకొకటి అని మార్చుకుంటారు. ఒకరి డబ్బాలో పులిహోర, ఇంకొకరి డబ్బాలో జొన్నరొట్టె. వాళ్ళు వచ్చింది ఒకరి కోసం ఒకరు.

ఏం చేయాలంటే పూర్తి పథకం నా దగ్గర లేదు. కూర్చోవడానికి జాగ కావాలన్నది మాత్రం తెలుసు. కాఫీ కొననిదే కుర్చీ ఇవ్వని నగరంలో ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు పార్కు బెంచీ తప్ప దిక్కులేదు. తాండూరు, వికారాబాద్ గ్రంథాలయాల్లో ఆదివారం ఒక గది తెరిస్తే పట్నం స్నేహితులే ఇటు వస్తారు, అనంతగిరి కొండలు కూడా చూసి పోతారు. అప్పటిదాకా, భయమనిపిస్తే తోడు పోండి. అమ్మ పోవచ్చు, అక్క పోవచ్చు. పక్క బెంచీ మీద కూర్చోండి. వాళ్ళు మాట్లాడుకునేది సగం అర్థం కాదు, ఆ పేర్లు నోరు తిరగవు. కానీ మూడేళ్ళుగా రాత్రి పదింటికి మీ ఇంట్లో వినిపిస్తున్న నవ్వు ఎవరిదో ఆ పూట కళ్ళారా చూస్తారు. ఆ పిల్ల లేచి వచ్చి "నమస్తే ఆంటీ, షుగర్ తగ్గిందా?" అని అడుగుతుంది.